చిలకల కాగితం, చెమ్మ గోడ

చినముక్తాపురంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, పైడయ్య ఇంట్లో నలుగురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. ఊళ్ళో ఇంకెవరూ ఎత్తరు. "చూశారా, మనతో పోటీకి ఒక్కడూ రాలేదు" అని పైడయ్య మురిసిపోతాడు.

ఆ నలుగురూ ఎవరంటే, ఇంటిపెద్ద పైడయ్య, అతని భార్య నరసాయమ్మ, తమ్ముడు సన్యాసి, మేనత్త బుల్లెమ్మ. వాళ్ళ తెలివికి ఒక పద్ధతి ఉంది. బయటివాళ్ళు ఏం చెప్పినా దాన్ని ముక్కలు చేసి తలా ఒకటి పంచుకుంటారు. ఎవరి ముక్క వాళ్ళు పొల్లుపోకుండా చేస్తారు. పక్కవాళ్ళ ముక్క జోలికి పోరు. "అంతా ఒక్క బుర్రలో పెడితే బుర్ర వంగిపోతుంది. పంచుకుంటే తేలిక" అంటాడు పైడయ్య.

ఇంకో గొప్ప ఏమిటంటే, చెప్పినమాటకి ఒక అక్షరం కలపరు, ఒక అక్షరం తియ్యరు. ఒకసారి పక్కింటావిడ సంతకి వెళుతూ, "బుల్లెమ్మ పిన్నీ, కాస్త మా దూడని చూస్తూ ఉండు" అంది. బుల్లెమ్మ గుమ్మంలో కూర్చుని చూసింది. దూడ తాడు తెంపుకుంది. చూసింది. ఆరేసిన చీర నమిలింది. చూసింది. గేటు దాటి, కాలవ దాటి, చెరుకుతోట వైపు పరుగెత్తింది. బుల్లెమ్మ లేచి నిలబడి, చేయి కళ్ళకి అడ్డం పెట్టుకుని మరీ చూసింది. పక్కింటావిడ వచ్చి లబోదిబోమంటే, "నన్నంటావేమే! కంటికి ఆనినంతసేపూ చూస్తూనే ఉన్నాను. చెరుకుతోటకి అవతల నా చూపు పోదు మరి" అంది. అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సన్యాసికి పేరులో సన్యాసం ఉంది గాని, మనసంతా పెళ్ళి మీదే ఉంది. పొరుగూళ్ళో గంగులు కూతురు నూకరత్నాన్ని చూడ్డానికి వెళ్ళారు. గంగులు మర్యాదగా, "మొహమాటపడకు బాబూ, మీ ఇల్లే అనుకో" అన్నాడు. సన్యాసి అలాగే అనుకున్నాడు. చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించాడు. పెరట్లోకి వెళ్ళి బీరపాదుకి నీళ్ళు పోశాడు. తిరిగొచ్చి మంచం వాల్చుకుని పడుకున్నాడు. కాఫీ తెచ్చిన నూకరత్నం అది చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వు విన్నాక సన్యాసికి ఇంకెవరూ వద్దు. "చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటాను. లేకపోతే నా పేరే నాకు ఖాయం" అన్నాడు.

గంగులు కూడా మాటకి కట్టుబడే మనిషి. "అబ్బాయిని చూశాం, బాగున్నాడు. ఇక మేం చూడాల్సింది గోడలు. మా పిల్లకి చెమ్మ పడదు. చెమ్మ తగిలిందంటే తుమ్ములే తుమ్ములు. మీ గోడకి చెమ్మ ఉందా, పిల్లనివ్వను. చెమ్మ లేదా, ఇచ్చేస్తాను. ఆదివారం వస్తాం. మాటంటే మాట" అన్నాడు.

పైడయ్యవాళ్ళకి ఇది పెద్ద చిక్కే. ఎందుకంటే వాళ్ళ ఇల్లంటే ఒకటే పెద్ద గది, పైన పెంకులు. వంట పెరట్లో పాకలో. ఆ గది వెనక గోడ నిండా చెమ్మే. ఆ మరకలు చూపించి, "ఇది ఏనుగు, ఇది నెమలి" అని పైడయ్య వచ్చినవాళ్ళకి మురిపెంగా చెప్పేవాడు. ఇప్పుడా ఏనుగూ నెమలీ కలిసి సంబంధం చెడగొట్టేటట్టున్నాయి.

"టౌన్లో గోడలకి అంటించే కాగితం దొరుకుతుందట. వాల్‌పేపర్ అంటారు. మరకలన్నీ దాని వెనక దాక్కుంటాయి" అంది నరసాయమ్మ. ఇంకేముంది, నలుగురూ బస్సెక్కారు.

షాపాయన మంచివాడు. పచ్చ చిలకలూ ఎర్ర జాంపళ్ళూ ఉన్న కాగితం చుట్టలు ఇచ్చి, కొత్తగా చేసేవాళ్ళకి అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు. అది ఎవరికైనా పనికొచ్చేదే గనక చెబుతాను.

ముందు గోడ బాగా ఎండాలి. తర్వాత ఒక మూల నుంచి మొదలుపెట్టి, మధ్యలో ఖాళీ రాకుండా అంటించుకుంటూ వెళ్ళాలి. జిగురుకి మైదా నీళ్ళలో కలిపి ఉండకట్టకుండా ఉడికించాలి, మిగిలింది పారెయ్యకూడదు, పనికొస్తుంది. ఒకరు కాగితం పై అంచుని గోడకి ఆనించి పట్టుకోవాలి, అంటించేవాళ్ళు వదలమనేదాకా వదలకూడదు. కాగితం కింద గాలి బుడగ లేస్తే గుడ్డతో పక్కకి తొయ్యాలి, పోకపోతే సూదితో పొడవాలి. అంటించాక తలుపులూ కిటికీలూ మూసి గాలి రాకుండా చూడాలి, ఆరేదాకా కాగితం ముట్టుకోకూడదు. ఇంతే పని.

పైడయ్య అక్కడికక్కడే పంచేశాడు. "ఎండబెట్టడం, అంటించడం నాది. జిగురు నరసాయిది. పట్టుకోవడం సన్యాసిది. బుడగలూ తలుపులూ అత్తది."

"ఇంకో మాట కూడా ఉంది బాబూ" అన్నాడు షాపాయన. "ఏం చేసినా కాస్త ముందువెనకలు ఆలోచించుకుని చెయ్యండి."

పైడయ్య చుట్టూ చూశాడు. ముక్కలు అయిదయ్యాయి. మనుషులు నలుగురే. "అది మొయ్యడానికి మా దగ్గర మనిషి లేడండీ. మీ దగ్గరే ఉంచండి" అని నమస్కారం పెట్టి వచ్చేశాడు.

ఇంటికొచ్చాక మొదటి పని గోడని ఎండబెట్టడం. వరినైనా వడియాలనైనా ఎండబెట్టాలంటే ఏం చేస్తాం? ఎండలో పెడతాం. కాబట్టి నలుగురూ వెనక గోడకి భుజాలానించి పెరట్లోకి తొయ్యడం మొదలుపెట్టారు. "హైసా! హైసా!" గోడ కదల్లేదు.

"అత్తా, నువ్వు తొయ్యడంలేదు" అన్నాడు పైడయ్య.

"నా పని బుడగలూ తలుపులూ. ఏదో ఇంటిమనిషిని గదా అని చెయ్యేశాను. తోస్తే నీ ముక్కలోకి వచ్చినట్టవదూ?"

"అదీ నిజమే. అయితే తీసెయ్, తీసెయ్."

సన్యాసి తల గోక్కుని, "అన్నా, గోడ ఎండలోకి రానంటే, ఎండనే గోడ దగ్గరికి రానిద్దాం" అన్నాడు. అందరూ అతని బుర్రకేసి గర్వంగా చూశారు. అంతే, పక్కింటి నిచ్చెన తెచ్చారు, పైకెక్కారు, వెనక గోడ పక్కనున్న పెంకులన్నీ ఊడదీసి పెరట్లో పేర్చారు. ఎండ బ్రహ్మాండంగా లోపలికొచ్చింది. దాని వెనకే మంచు వచ్చింది, పిచ్చుకలొచ్చాయి, శుక్రవారం సాయంత్రం చిన్న వాన కూడా వచ్చింది. గోడ పాపం ఎండింది, తడిసింది, మళ్ళీ ఎండింది.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. నరసాయమ్మ పాకలో జిగురు ఉడికించి పెద్ద గుండిగతో గదిలోకి తెచ్చింది. "ఉండ కట్టలేదు చూడండి. మా పుట్టింట్లో ఉప్మా కూడా ఇలా రాలేదు" అంది. బుల్లెమ్మ కిటికీలు మూసింది, తలుపు మూసి గడియ పెట్టింది.

"అత్తా, అంటించాక కదా మూయమన్నాడు?"

"ఎప్పుడో మూయాల్సిందే కదరా. ముందే మూసేస్తే ఆ పని తీరిపోతుంది."

పైడయ్య తలుపు పక్క మూల నుంచి మొదలుపెట్టాడు. ఒక కాగితం అయింది, రెండోదాని దగ్గరికి తలుపు వచ్చింది. ఆగాడు. "ఏమే, ఇది గోడ కాదు, తలుపు. ఏం చెయ్యను?"

"మధ్యలో ఖాళీ రాకూడదన్నాడు కదండీ?" అంది నరసాయమ్మ.

"గాలి కూడా రాకూడదన్నాడు" అంది బుల్లెమ్మ. "మూసిన తలుపు మీద కాగితం అంటిస్తే, రమ్మని బతిమాలినా గాలి రాదు."

ఒక్క దెబ్బకి రెండు ముక్కలూ నెరవేరాయి! ఇంకేముంది, తలుపు మీద కాగితం, కిటికీల మీద కాగితం. తలుపుండే చోట ఇప్పుడు చిలకలు జాంపళ్ళు తింటున్నాయి.

"మరి పైనుంచి గాలి వస్తోందే?" అన్నాడు సన్యాసి, పెంకులు లేని చోటుకేసి చూసి.

"షాపాయన తలుపులూ కిటికీలూ అన్నాడు. కప్పు అన్నాడా?" అన్నాడు పైడయ్య.

"అనలేదు."

"మరి నోరుమూసుకుని పట్టుకో."

ఒకచోట కాగితం తిరగబడింది. చిలకలన్నీ తల్లకిందులుగా వేలాడాయి. నరసాయమ్మ కంగారుపడితే పైడయ్య, "ముట్టుకోకూడదు మరి. అయినా పొద్దున్నించీ తింటున్నాయి, కాస్త పల్టీ కొట్టనియ్యవే" అన్నాడు.

పద్ధతి మాత్రం చక్కగా సాగింది. సన్యాసి పొడగరి, చేతులెత్తితే గోడ చివర అందుతుంది. అతను పై అంచు పట్టుకుంటే, పైడయ్య కింద దాకా అంటించి, "వదులు" అంటాడు. సన్యాసి వదులుతాడు. అలా మూడు గోడలయ్యాయి. నాలుగోది వెనక గోడ, చెమ్మ గోడ. చివరి కాగితం దగ్గర సన్యాసికి ముక్కంతా జిగురైంది. అందుకని ఇటు తిరిగి, వీపు గోడకి ఆనించి, చేతులు పైకెత్తి కాగితాన్ని తన ముందు నుంచి వేలాడదీశాడు. పైడయ్యకి చిలకలు తప్ప వెనకున్నది కనిపించలేదు. అటు అంచు అంటించాడు, ఇటు అంచు అంటించాడు, కింద అంచు అంటించాడు. వెనక్కి జరిగి, "అయిపోయింది!" అన్నాడు.

"అయిపోయింది" అన్నాడు. "వదులు" అనలేదు. సన్యాసి వదల్లేదు.

నరసాయమ్మ చుట్టూ చూసింది. "అవునూ, మరిది ఏడీ?"

"సన్యాసీ! ఎక్కడున్నావురా?"

గోడలోంచి మాట వచ్చింది. "నువ్వు పట్టుకోమన్న చోటే ఉన్నానన్నా."

"పట్టుకునే ఉన్నావా?"

"రెండు చేతులతో."

"భేష్. పనంటే అలా ఉండాలి. అక్కడే ఉండు" అన్నాడు పైడయ్య.

"అదేమిట్రా, పెళ్ళివారొచ్చే వేళ పెళ్ళికొడుకు గోడలో ఉంటే ఎలా?" అంది బుల్లెమ్మ.

"వాళ్ళేమన్నారత్తా? అబ్బాయిని చూశాం, ఇక గోడలు చూడాలన్నారు. చూసినదాన్ని మళ్ళీ ఎదురుగా పెడితే, మా మాట వినలేదని కోపమొస్తుంది."

గోడ కూడా "అవునత్తా, మర్యాదగా ఉండదు" అంది.

సరిగ్గా అప్పుడే బయట తలుపు చప్పుడైంది. గంగులు, అతని భార్య, వాళ్ళతో నూకరత్నం. "నేను కాపురం చెయ్యబోయే ఇల్లు నేనే చూసుకుంటాను" అని ఆ పిల్ల కూడా బయల్దేరి వచ్చింది.

"పైడయ్యా! తలుపు తియ్యి!"

"తలుపు కొట్టకండి బావా! చిలకలు చిరుగుతాయి!" అని అరిచాడు పైడయ్య. "పైనుంచి దయచెయ్యండి!"

పైడయ్య గదిలోనే ఉన్న నిచ్చెన ఎక్కి, పెంకులు లేని చోటునించి కప్పు మీదికొచ్చి, నిచ్చెన పైకి లాగి వీధివైపు దించాడు. గంగులు నిచ్చెనకేసి చూశాడు, తలుపుకేసి చూశాడు. చుట్టరికానికి వచ్చినచోట ప్రశ్నలు వేయడం మర్యాద కాదనుకుని ఎక్కాడు. వెనక భార్య ఎక్కింది, ఆమె వెనక నూకరత్నం ఎక్కింది. నిచ్చెన మళ్ళీ లోపలికి దించి, ముగ్గురినీ ఒక్కొక్కరినే దింపారు. దిగుతూ దిగుతూ గంగులు ఒకచోట చిలకలు తల్లకిందులుగా ఉండటం చూసి, తనే తల్లకిందులుగా దిగుతున్నానేమోనని భయపడి నిచ్చెన గట్టిగా వాటేసుకున్నాడు.

ఇప్పుడు వచ్చినవాళ్ళకి నోరు తీపి చెయ్యాలి. వంటపాక బయట ఉంది. బయటికి దారి లేదు. నరసాయమ్మ గుండిగలోకి చూసింది. జిగురు మిగిలింది. మిగిలింది పారెయ్యకూడదు, పనికొస్తుంది అన్నాడు కదా! గోరువెచ్చగా కూడా ఉంది. అటక మీద బెల్లం ఉంది. "మైదాలో బెల్లం వెయ్యకపోతే జిగురు, వేస్తే హల్వా" అనుకుని, బెల్లం చితక్కొట్టి కలిపి, గంగులుకొక గిన్నె, ఆయన భార్యకొక గిన్నె ఇచ్చింది. నూకరత్నానికీ ఇచ్చింది గాని, ఆ పిల్ల గిన్నె పక్కనపెట్టి, వెనక గోడలో మనిషంత ఎత్తున ఉబ్బిన చోటుకేసే చూస్తూ ఉండిపోయింది.

గంగులు ఒక పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పై పన్నూ కింది పన్నూ కలుసుకున్నాయి. కలుసుకున్నవి మళ్ళీ విడిపోలేదు. భార్య మొహం చూశాడు. ఆవిడ అప్పటికే రెండు బుగ్గలూ ఉబ్బించి కళ్ళు గుండ్రంగా తిప్పుతోంది.

"ఎలా ఉంది వదినా హల్వా?" అంది నరసాయమ్మ.

"మ్‌మ్‌మ్."

"అంత బాగుందా!"

పైడయ్య చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు. "బావా, గోడలు చూశారు. మరి పిల్లని మాకిస్తున్నట్టేనా?"

గంగులు ఏదో చెబుదామని చూశాడు. నోరు తెరుచుకోలేదు.

పైడయ్య మొహం వెలిగింది. "అత్తా! మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు!"

"అర్ధమేగా" అంది బుల్లెమ్మ పెదవి విరిచి. "సగం ఒప్పుకోలుతో సగం పెళ్ళి చేస్తావా? తాళి ఒక ముడితో ఆపుతావా?"

అందరూ ఆలోచనలో పడ్డారు. ఇంతలో నరసాయమ్మ వియ్యపురాలి కేసి చూసి చప్పట్లు కొట్టింది. "ఆవిడా మాట్లాడటం లేదండీ! ఆయనది సగం, ఆవిడది సగం. సగమూ సగమూ ఎంత?"

"పూర్తి!" అని గోడ అరిచింది. "సంబంధం కుదిరింది!"

గోడ మాట్లాడేసరికి గంగులు ఉలిక్కిపడి లేచాడు. లేచి, ఆ ఉబ్బు మీద అరచెయ్యి పెట్టాడు. ఇప్పుడే అంటించిన కాగితం కదా, తడి! అరచెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. జిగురూ నీళ్ళూ బొటబొటా కారుతున్నాయి. తల అడ్డంగా ఊపాడు, ఆపకుండా ఊపాడు. చెమ్మ! చెమ్మ ఉందా, పిల్లనివ్వను. మాటంటే మాట.

"సంబంధం పోయింది" అంది బుల్లెమ్మ నెమ్మదిగా.

అది విని గోడలో సన్యాసికి దుఃఖం ఆగలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ముక్కు ముందున్న చిలక తడిసింది, చిలక కింద జాంపండు తడిసింది. చెమ్మ ఇంకా పెరిగింది.

"నాన్నా, గోడ ఏడుస్తోంది" అంది నూకరత్నం.

"ఏడవడం కాదమ్మా, అది బుడగ" అంది బుల్లెమ్మ. "ఇందాకణ్ణించీ గుడ్డతో ఇటు తోస్తే అటు పోతోంది, అటు తోస్తే ఇటు వస్తోంది. సూది పని చెప్పాల్సిందే." బొంతలు కుట్టే సూది తీసి, బుడగ మధ్యలో ఒక్క పోటు పొడిచింది.

"చచ్చాన్రోయ్!"

నూకరత్నం ఆ గొంతు గుర్తుపట్టింది. దగ్గరకెళ్ళి, "మీరా? మా బీరపాదుకి నీళ్ళు పోసినవారా?" అంది.

"ఊఁ, నేనే. పాదు ఎలా ఉంది?"

"కాపుకొచ్చింది. మీరు లోపలేం చేస్తున్నారు?"

"పట్టుకుని ఉన్నాను."

"బయటికి రారాదూ?"

"అన్న చెప్పాలి."

అందరూ పైడయ్యకేసి చూశారు. పైడయ్య గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "వచ్చెయ్, కాని అంచు మాత్రం వదలకు" అన్నాడు.

"ఎటునించి రాను? ముందు కాగితం, వెనక గోడ."

ఇది చిక్కు ప్రశ్నే. కాగితం చింపాలి, లేదా గోడ పడగొట్టాలి. పైడయ్య వేళ్ళు మడుస్తూ విడమరిచి చెప్పాడు. "కాగితం కొత్తది, గోడ పాతది. కాగితానికి చిలకలున్నాయి, గోడకి చెమ్మ ఉంది. కాగితాన్ని ముట్టుకోవద్దన్నారు, గోడని ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. ఏది తియ్యాలి?"

"గోడే!" అన్నారు అందరూ. గంగులు కూడా తల నిలువుగా ఊపాడు. లెక్క సరిగ్గా ఉంటే ఆయన ఎప్పుడూ కాదనడు.

ఇంకేముంది, పైడయ్య నిచ్చెన ఎక్కి పెరట్లోకి దిగి గునపం అందుకున్నాడు. తడిసి ఎండి, ఎండి తడిసిన మట్టిగోడ కదా, ఎక్కువసేపు మొరాయించలేదు. దబ్బున ఒక పెళ్ళ, దబదబా ఇంకో నాలుగు పెళ్ళలు, చివరికి గోడంతా పెరటివైపు కూలిపోయింది. దూలాలు పక్కగోడల మీద ఆని ఉన్నాయి గనక కప్పు నిలబడింది, అదొక్కటే వాళ్ళ అదృష్టం. దుమ్ము తగ్గాక చూస్తే, సన్యాసి కాళ్ళ దగ్గర్నుంచి తల దాకా ఎర్రమట్టితో, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. చేతుల్లో కాగితం అలాగే ఉంది, చెక్కుచెదరలేదు.

"కాగితం దక్కింది!" అని నరసాయమ్మ కళ్ళు తుడుచుకుంది.

"వదులు" అన్నాడు పైడయ్య తృప్తిగా. సన్యాసి వదిలాడు. చిలకలన్నీ జరజరా చుట్టుకుపోయి మట్టిలో పడ్డాయి.

నూకరత్నం పకపకా నవ్వింది, అచ్చం ఆ రోజు నవ్వినట్టే. సన్యాసికి ప్రాణం లేచొచ్చింది.

బుల్లెమ్మ నిచ్చెన ఎక్కి దిగి పాకలోంచి వేడినీళ్ళు తెచ్చి పెళ్ళివారి చేత పుక్కిలి పట్టించింది. రెండు చెంబులయ్యాక గంగులు పళ్ళు విడిపోయాయి. విడిపోగానే ఆయన అన్న మొదటి మాట, "చెమ్మ!"

"ఏదీ నాన్నా చెమ్మ?" అంది నూకరత్నం. "చెమ్మ ఉంటే గోడకి ఉండాలి. గోడ ఏదీ?"

గంగులు గోడ ఉండాల్సిన చోట చెయ్యిపెట్టాడు. చెయ్యి పెరట్లోకి పోయింది. అరచెయ్యి చూసుకున్నాడు. పొడి! మళ్ళీ పెట్టి చూసుకున్నాడు. పొడే!

"అవును సుమీ" అన్నాడు. "గోడకి చెమ్మ లేకపోతే పిల్లనిస్తానన్నాను. లేదు. మాటంటే మాట. ఇచ్చేశాను."

"కాస్త ఆ హల్వా ఎలా చేశారో కూడా చెప్పండి వదినా" అంది ఆయన భార్య. "మా ఇంట్లో వంటగిన్నెకి చిల్లి పడింది."

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. ఆ పెళ్ళిలో అది ఎంత సమంగా కుదిరిందో వేరే చెప్పక్కర్లేదు.

పెళ్ళయ్యాక కొత్తకోడలు గడప దాటే రోజు వచ్చింది. తలుపు మీద కాగితం ఆరలేదు, వెనక గోడా పైన పెంకులూ లేవు గనక మంచుకి రోజూ తడుస్తూనే ఉంది. ముట్టుకోకూడదు మరి. అందుకని నిచ్చెనకి మామిడాకులు కట్టారు, మొదటి మెట్టుకి పసుపు రాశారు. బుల్లెమ్మ కప్పు మీద కూర్చుని హారతి ఇచ్చింది. "కుడికాలు ముందు పెట్టి ఎక్కమ్మా" అంది. నూకరత్నం బుద్ధిగా ప్రతి మెట్టుకీ కుడికాలే ముందు పెట్టి ఎక్కింది.

పైకెక్కాక ఆ పిల్ల పెరటివైపు చూసింది. "అత్తా, అటు అంతా తెరిచే ఉందిగా. అటునించి నడిచి రాకూడదా?"

నలుగురూ చెవులు మూసుకున్నారు. "ఎంత మాట!" అన్నాడు పైడయ్య. "అది గోడ చోటమ్మా. గోడలోంచి ఇంట్లోకి వచ్చేవాళ్ళని ఏమంటారు?"

నూకరత్నం కాసేపు ఆలోచించి నాలిక్కరుచుకుంది. "దొంగలంటారు! అయ్యో, మొదటిరోజే ఎంత పేరు తెచ్చుకునేదాన్ని!"

ఆ ఇంట్లో తెలివికి ఇప్పుడు అయిదో మనిషి వచ్చింది. షాపులో వదిలేసిన ముక్క తెచ్చుకుందామని బుల్లెమ్మ అంది గాని, అది ఏమిటో ఎవరికీ గుర్తులేదు.

నిన్నటికి నిన్న కూడా అయిదుగురూ సంతకి బయల్దేరారు. ఒకరి వెనక ఒకరు నిచ్చెన ఎక్కారు, కప్పు దాటారు, వీధివైపు దిగారు. పక్కింటి దూడ పెరటివైపు నుంచి తాపీగా లోపలికి వెళ్ళి, తీపి జిగురున్న గుండిగ నాకుతోంది. పైడయ్య మాత్రం వీధి తలుపుకి పెద్ద తాళం వేశాడు. రెండుసార్లు లాగి చూసుకున్నాడు. తాళంచెవి సన్యాసి చేతికిచ్చి, "నేను వదలమనేదాకా వదలకు" అన్నాడు. అంతే, అయిదుగురూ నిశ్చింతగా సంతకి వెళ్ళిపోయారు.